కుర్చీల కింద చెప్పులు

సూర్యాపేటలో నేను కూర్చున్నన్ని సినిమాలకు కూర్చున్న మనిషి ఇంకొకరు ఉండరు. కానీ వాటిలో ఒక్కదాన్ని కూడా తెర వైపు తిరిగి చూడలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే గొప్ప కాబట్టి చెబుతున్నాను.

ఇరవై రెండేళ్ళు ఒక పాత థియేటర్‌లో లేడీస్ క్లాస్ గేటు దగ్గర పనిచేశాను. టికెట్ చింపడం, తలుపు మూయడం, సీట్ల కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళను విడదీయడం, ఏడ్చే పిల్లను ఎత్తుకుని తల్లి బయటికి వస్తే మంచినీళ్ళివ్వడం నా పని. సినిమా మొదలయ్యాక తలుపు పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. తెర నా వీపు వెనక, ఆడవాళ్ళు నా ఎదుట. అందుకే గోడల మీది పోస్టర్లలో ఎవరు ఏ హీరోనో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. గొంతు వినిపిస్తే మాత్రం ఠక్కున చెప్పేస్తాను.

ఆ థియేటర్ యజమానే తర్వాత మా నాయకుడయ్యాడు. ఎక్కడి నుంచి పోటీ చేశాడో చెప్పను, చెబితే మీరు పేరు కూడా చెప్పేస్తారు. నాయకుడు కాకముందు ఆయన సినిమాల బయ్యరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళకూ బొమ్మలు కొని తెచ్చి ఆడించేవాడు. ఏ బొమ్మను ఎన్ని వారాలు ఉంచాలి, ఎప్పుడు ఎత్తేసి పక్క ఊరికి పంపాలి అన్నదే ఆయన తలనొప్పి. అందరూ ఆయన్ని అన్న అనేవాళ్ళు. నేనూ అంతే. ఆయన నన్ను చెల్లె అనేవాడు.

నేను చేరిన కొత్తలో ఒక శుక్రవారం మార్నింగ్ షో వదలగానే అన్న వరండాలోకి వచ్చి, బొమ్మ ఎట్లుందని ఒక్కొక్కరినే అడిగాడు. మేనేజరు సూపరన్నాడు. క్యాంటీన్ అతను రెండు నెలలు తిరుగు లేదన్నాడు. చివరికి నా వైపు తిరిగి, ఆటపట్టించడానికే అడిగాడు.

“నువ్వేమంటవ్ చెల్లె?”

“ఇంటర్వెల్ అయినంక పావుగంటకు ఖతం అన్నా,” అన్నాను.

“నువ్వు తెర దిక్కు సూడనే సూడవు గద?”

“నేను సినిమా సూడ. ఆళ్ళ కాళ్ళు సూస్త.”

వరండాలో అందరూ నవ్వారు. అన్న మాత్రం నవ్వకుండా, అదేందో చెప్పమన్నాడు. చెప్పాను.

ఆడవాళ్ళు వచ్చి కూర్చోగానే ముందు చెప్పులు విడుస్తారు. ఒక కాలు కుర్చీ మీదికి మడుచుకుంటారు, కొందరు రెండూ మడుచుకుని బాసింపట్టు వేస్తారు. బొమ్మ పట్టుకున్నంతసేపూ ఆ చెప్పులు ఎవరికీ గుర్తుండవు. మనసు ఇంటికి మళ్ళిందా, కాలు మెల్లగా కిందికి దిగుతుంది. చీకట్లో అటూ ఇటూ తడిమి చెప్పు వెతుక్కుంటుంది. కళ్ళు తెర మీదే ఉంటాయి, నోట్లో బఠాణీలు నలుగుతూనే ఉంటాయి, తన కాలు ఏం చేస్తున్నదో ఆమెకే తెలియదు. ఒక్కసారి చెప్పు తొడిగాక తెర మీద దేవుడు దిగినా ఆ మనిషి మళ్ళీ సినిమాలోకి రాదు. నడవ పక్కన నేల దగ్గర ఒక ఎర్ర బల్బు ఉండేది. ఆ వెలుతురులో నాకు ఇవన్నీ కనిపించేవి.

ఈ చూపు నాకు మా నాయన దగ్గర అబ్బింది. మాది మాడుగులపల్లి దగ్గర పల్లె, మాకు గొర్ల మంద ఉండేది. గొర్రెకు ఏ బాధ ఉన్నా మొహంలో తెలియదు, అన్నిటి మొహాలూ ఒక్కలాగే ఉంటాయి. నాయన పొద్దున మందను విడుస్తూ పక్కన నిలబడి కాళ్ళు చూసేవాడు. ఏది అడుగు తేడాగా వేస్తే దాన్ని ఆపేవాడు. నేను గొర్లను వదిలి సినిమా హాలుకు వచ్చాను కానీ చూపు కిందనే ఉండిపోయింది.

ఆ సినిమా రెండో సోమవారం ఎత్తేశారు. అప్పటి నుంచి అన్న ఇంకెవరినీ అడగలేదు. కొత్త బొమ్మ పడిన రోజు నేరుగా నా స్టూలు దగ్గరికి వచ్చి ఒకటే మాట అనేవాడు.

“చెప్పులు ఎప్పుడు దేవులాడిన్రు చెల్లె?”

నేను ఫలానా పాటకనో, ఫలానా ఫైటుకనో చెబితే, దాన్ని బట్టి ఉంచడమా ఎత్తేయడమా తేల్చుకునేవాడు. ఆడవాళ్ళు చివరి దాకా చెప్పులు వెతకని బొమ్మలు నా ఇరవై రెండేళ్ళలో పన్నెండో పదమూడో వచ్చి ఉంటాయి. అన్నీ వంద రోజులు ఆడాయి. నా మాట తప్పిన సినిమా ఒక్కటుంటే చూపించమని మేనేజరుతో పందెం కాసేదాన్ని. పాపం, ఆయన పందానికి ఎన్నడూ రాలేదు.

తర్వాత అన్న రాజకీయాల్లోకి వచ్చాడు. మా దగ్గర సినిమా మనిషికి అదేమంత దూరపు ప్రయాణం కాదు. మూడు ఊళ్ళ అభిమాన సంఘాల పిల్లలు అప్పటికే ఆయన చేతిలో ఉన్నారు. నిన్నటి దాకా హీరోకు కట్టిన తాళ్ళతోనే ఈయనకు ఫ్లెక్సీలు కట్టారు. మొదటిసారి నిలబడినప్పుడు చుట్టుపక్కల అభ్యర్థులందరికీ కలిపి కోదాడలో సభ పెట్టి, ఒక సినిమా హీరోను రప్పించారు. అన్న నన్ను కూడా జీపెక్కించుకుని తీసుకుపోయాడు. నా పని మారలేదు, హాలు మారిందంతే.

మైదానం కిక్కిరిసిపోయింది. ఆంధ్ర వైపు నుంచి కూడా ఆటోలు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళ కోసం ముందు వరుసల్లో పట్టాలు పరిచారు. కానీ ఆ పట్టాల మీద కూర్చున్నవాళ్ళు లేరు. చెప్పులతోనే ఎక్కి, మునివేళ్ళ మీద లేచి హీరో కోసం చూస్తున్నారు. హీరో వచ్చాడు, చెయ్యి ఊపాడు, నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. అన్న మైకు అందుకున్నాడు. నా పక్కనున్న కోదాడ ఆమె తన వాళ్ళను పిలిచింది.

“పదండి వదినా, ఆయన వెళ్ళిపోయాడుగా. ఇంకేముంది ఇక్కడ?”

అన్న మాట్లాడటం అయ్యేసరికి పట్టాల మీద మట్టి అడుగులే మిగిలాయి. తిరిగి వచ్చేటప్పుడు జీపులో అందరూ మెజారిటీ లెక్కలు వేస్తున్నారు. నన్ను అడగకపోయినా చెప్పాను.

“అన్నా, చెప్పులు ఇడిసినోళ్ళు ఒక్కరు లేరు.”

“ఇది సినిమా గాదు చెల్లె,” అని అన్న మొహం అటు తిప్పుకున్నాడు. నా మీద ఆయన విసుక్కోవడం అదే మొదటిసారి. నేనూ మొహం ఇటు తిప్పుకున్నాను. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు.

రెండోసారి ఏ హీరోనూ పిలవలేదు. ఊరూరూ తిరిగి, ఇళ్ళ ముందు నేల మీద కూర్చుని మాట్లాడాడు. పెద్దవూర వైపు ఒక ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పులు విడిచి ఆయన చుట్టూ కూర్చుని నీళ్ళ గోస చెప్పుకున్నారు. లేచి వెళ్ళేటప్పుడు ఇద్దరు వట్టి కాళ్ళతోనే ఇంటి దాకా పోయి, నాలుక కరుచుకుని వెనక్కి వచ్చారు. ఆ రోజు అన్నాను, ఈసారి నడుస్తదని. నడిచింది. నా వల్లనే గెలిచాడని అనను. ముందే చెప్పానని మాత్రం అంటాను.

ఏళ్ళు గడిచాయి. ఆ పాత థియేటర్ మూతపడింది, నేను ఇంటి దగ్గరుండిపోయాను. అన్న మాత్రం పండుగకూ పబ్బానికీ ఫోన్ చేసి పలకరించేవాడు. ఆ ఇంటితో నాకు ఇంకో బంధం ఆయన కొడుకు. నన్ను అత్తమ్మా అంటాడు. ఇరవై ఏడేళ్ళవాడు, చదువు కాగానే మిర్యాలగూడలో వాళ్ళ రైస్‌మిల్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. వడ్లగింజ పంటి కింద పెట్టి పట్‌మని కొరికి, ఇంకో రెండు రోజులు ఆరాలనో, ఇప్పుడే పట్టొచ్చనో చెప్పేవాడు. నేను కాళ్ళు చూసినట్టు వాడు గింజ చూసేవాడు. అందుకే వాడంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం.

అట్లాంటివాణ్ని అన్న హీరోను చేస్తానన్నాడు. నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

“రేపు నా తావుల కొడుకే నిలబడాలె గద చెల్లె. మొఖం తెల్వాలె జనానికి. ఒక్క సినిమా ఆడిందంటె నేను ఇన్నేండ్లు ఊళ్ళు తిరిగినంత లెక్క.”

కోదాడ మైదానంలో మట్టి అడుగులు చూసిన మనిషేనా ఈ మాట అంటున్నదని నాకు ఒళ్ళు మండింది. కానీ కన్నకొడుకు విషయం, ఫోన్లో ఏమంటాను? మిల్లు వేరేవాళ్ళకు అప్పగించారు. వాడికి డ్యాన్సు నేర్పారు, గుర్రం ఎక్కించారు, ఫైట్లు చేయించారు. ఏడాదికి సినిమా పూర్తయింది.

విడుదలకు ముందు జనానికి ఒక ఆట వేసి చూపించాలనుకున్నారు. మిర్యాలగూడలో, కొత్తగా బాగుచేసిన ఒక థియేటర్‌లో, పొద్దుటి ఆట. అన్న నాకు కారు పంపాడు. వెళ్ళేసరికి గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

“తలుపు కాడ నీకు కుర్సీ ఏయించిన. సూసి చెప్పు. నువ్వు మంచిగుందంటె గీ పొద్దే రెండో సినిమా మొదలు వెడ్త. డైరెక్టరు పూలదండ వట్టుకొని తయారుగున్నడు.”

లోపలికి పోతుంటే మెట్ల మలుపులో కొడుకు నిలబడి ఉన్నాడు. మెరుపుల చొక్కా, మొహానికి రంగు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

“అత్తమ్మా, నాకిది వద్దు. మిల్లుకు వోత. ఏడాది సంది బాపుకు చెప్పాల్నని సూస్తున్న, ఆయన ఇనేంతసేపు నా తాన కూసుంటలేడు. నువ్వు చెప్తె ఇంటడు.”

“బొమ్మ మంచిగుంటె మంచిగున్నదనే చెప్త బిడ్డా. నీ కోసమని అబద్ధమాడ,” అన్నాను.

“నిజమే చెప్పు. నాకు గదే కావాలె.”

రెండో సినిమాకు పూలదండ పడితే వాడు ఇక వెనక్కి రాలేడు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అన్నేళ్ళలో నా మాట మీద సినిమాల బతుకు ఆధారపడింది కానీ, ఒక మనిషి బతుకు ఆధారపడటం అదే మొదలు. అయినా నాకు భయం లేదు. కాళ్ళు ఉన్నదున్నట్టు చెబుతాయి, నేను వాటి మాట మోసుకుపోవడమే.

అప్పుడు జరిగింది ఒక తిరకాసు. తలుపు బయటి సంగతి నాకు తర్వాత తెలిసింది. మాడుగులపల్లి, వాడపల్లి వైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళను వ్యాన్లలో తెచ్చారు. హాలు తలుపు దగ్గర కొత్త ఎర్ర తివాచీ. తివాచీకి అటూ ఇటూ తెల్లచొక్కాల కార్యకర్తలు, మధ్యలో చేతులు జోడించి అన్న. ముందు వచ్చిన ముసలామె ఆయన్ని, తివాచీని చూసి, పెద్దమనిషి ఇంట్లోకి పోతున్నట్టు చెప్పులు వరండాలో విడిచేసింది. వెనకామె ఆమెను చూసి విడిచింది. ఇక అందరూ అంతే. విడవమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. నేను లోపల నా కుర్చీ జరుపుకుని తల ఎత్తేసరికి హాలు నిండా వట్టి కాళ్ళు.

తలుపు తీసి, వరండా నిండా చెప్పుల కుప్ప చూసి గతుక్కుమన్నాను. చెప్పులు లేకపోతే నేనేం చూడాలి? మళ్ళీ బయటికి పంపి తొడుక్కు రమ్మందామనుకునే లోపల లైట్లు ఆరిపోయాయి. ఆ హాల్లో కుర్చీ కింద చెప్పులున్నది ఒక్క అన్నకే. నాకు దగ్గరలో నడవ పక్క సీట్లో కూర్చుని, కూర్చోగానే మా పాత థియేటర్ అలవాటు ప్రకారం తోలుచెప్పులు విడిచి, ఒక కాలు మడిచి పెట్టుకున్నాడు.

మొహాలు చూద్దామా అంటే అవీ పనికిరావు. వరుసకొక కార్యకర్త టార్చి లైటుతో నిలబడ్డాడు. లైటు ఊపినప్పుడల్లా చప్పట్లు. కొడుకు గుర్రం మీద వచ్చినప్పుడు హాలు దద్దరిల్లింది. బయట నిలబడి వింటే వంద రోజుల బొమ్మ అనుకోవాల్సిందే. నేను అలవాటు కొద్దీ కిందికే చూస్తూ కూర్చున్నాను. మెట్ల అంచుల్లో నీలం లైట్లున్నాయి, పాత ఎర్ర బల్బు కంటే నయం. ఆడవాళ్ళ కాళ్ళు కుర్చీల మీద మడిచే ఉన్నాయి. మొదటి పాట వచ్చింది. ఆ పాటలో అన్న కాలు దించి చెప్పులు తొడుక్కోవడం కనిపించింది. పెద్దమనిషి, ఫోన్ వచ్చి ఉంటుంది, లేస్తాడేమో అనుకున్నాను. ఫోనూ రాలేదు, ఆయన లేవనూ లేదు.

ఇంటర్వెల్‌లో అందరికీ కూల్‌డ్రింకులు ఇచ్చారు. మళ్ళీ మొదలైంది. రెండో సగంలో రెండో పాట పడుతుండగా నాలుగో వరుసలో మా మాడుగులపల్లి వైపు ముసలామె కాలు కిందికి దిగింది. దిగి తివాచీ మీద తడిమింది. కుడికి పోయింది, ఎడమకు పోయింది, ముందు కుర్చీ కిందికి కూడా పోయి వచ్చింది. చెప్పు దొరకలేదు. దొరకదు, అది వరండాలో ఉంది. ఆ సంగతి ఆమెకు గుర్తు లేదు. కాలు పైకి పోయి, మళ్ళీ దిగి, మళ్ళీ వెతికింది. తర్వాత పక్కామె కాలు. తర్వాత వెనక వరుస. కాసేపటికి హాలంతా వట్టి కాళ్ళు తివాచీ మీద లేని చెప్పుల కోసం దేవులాడుతున్నాయి. పైన టార్చి ఊగుతోంది, చేతులు చప్పట్లు కొడుతున్నాయి. కింద కాళ్ళు ఇంటికి పోదామంటున్నాయి.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను. అంత నవ్వులోనూ నా మీద నాకు మళ్ళీ గర్వం వచ్చింది. చెప్పులు లేకపోయినా నా లెక్క తప్పలేదు.

సినిమా అయిపోయింది. కొడుకును భుజాల మీద ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు. టపాకాయలు పేలాయి. వరండాలో ఆడవాళ్ళు కుప్పలో ఎవరి జత వాళ్ళు వెతుక్కుంటూ ఒకటే గోల. హాలు ఖాళీ అయ్యాక కూడా అన్న సీట్లోంచి లేవలేదు. నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.

“ఎప్పుడు దేవులాడిన్రు చెల్లె?”

“ఆళ్ళు చెప్పులు బయట ఇడిసి వచ్చిన్రన్నా.”

“సూసిన. అయినా నీకు తెలుస్తది. చెప్పు.”

“ఇంటర్వెల్ అయినంక రెండో పాటల. లేని చెప్పులు దేవులాడిన్రు.”

అన్న కాసేపు గడ్డం నిమురుకున్నాడు. “అంటె సగం బొమ్మ కంటె ఎక్కువే కూసున్నరు. మొదటి సినిమాకు గదే ఎక్కువ. రెండోదాంట్ల సరిజేసుకోవచ్చు,” అన్నాడు. నన్ను ఒప్పించడానికి కాదు, తనను తాను ఒప్పించుకోవడానికి అంటున్నాడని గొంతులోనే తెలిసింది. గొంతులు కూడా నాకు కొత్త కాదు.

“ఆళ్ళ ముచ్చట ఇడువు అన్నా,” అన్నాను. “నువ్వు మొదటి పాటకే తొడుక్కున్నవ్.”

ఆయన వంగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చాలాసేపు అట్లాగే చూశాడు. చెప్పులు తొడిగినట్టు ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళలో ఆయన మీద కోపం వచ్చింది, ఉడుకుమోత్తనం వచ్చింది, నవ్వు వచ్చింది. జాలి రావడం మాత్రం అదే మొదటిసారి.

డైరెక్టరు పూలదండతో తలుపు దగ్గరికి వచ్చాడు. “సార్, టైమ్ దాటిపోతోందండి, అందరూ ఎదురుచూస్తున్నారు,” అన్నాడు.

అన్న ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. “వాణ్ని ఒక్కణ్నే పంపు,” అన్నాడు.

కొడుకు వచ్చాడు. రంగు చెమటకు కారి మెడ మీద చారలు కట్టింది. తండ్రి ముందు నిలబడి నా వైపు చూశాడు. నేను చెప్పాల్సింది అయిపోయింది.

“కూసో,” అన్నాడు అన్న. “ఏడాది సంది ఏందో చెప్పాల్నని నా సుట్టు తిరుగుతున్నవ్. ఇప్పుడు చెప్పు.”

అంటూనే ఒక కాలి చెప్పు విడిచాడు. తర్వాత రెండోది. కాలు మడిచి కుర్చీ మీద పెట్టుకుని కొడుకు వైపు తిరిగాడు.

నేను లేచి వెళ్ళి తలుపు దగ్గర నా కుర్చీలో, తెరకు వీపు పెట్టి కూర్చున్నాను. మాటలు అన్నీ వినిపించలేదు. మిల్లు అన్న మాట మూడుసార్లు వినిపించింది. బయట టపాకాయలు ఆగిపోయాయి, డైరెక్టరు రెండుసార్లు తొంగి చూసి వెళ్ళాడు. వాడు చెబుతూనే ఉన్నాడు. వాడు చెప్పినంతసేపూ ఆ తోలుచెప్పులు కుర్చీ కిందే ఉన్నాయి.